హైదరాబాద్ టు దుబాయ్: దూరం ఎంత? ఫ్లైట్‌లో ఎన్ని గంటలు? ఇంటి గడప నుంచి లెక్కేస్తే అసలు టైమ్ ఇదీ!

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి నాలుగు గంటలు. టికెట్ బుక్ చేసే ఎవరిని అడిగినా చెప్పే మాట ఇదే. మాట కరెక్టే. కానీ ఆ నాలుగు గంటలు విమానం లెక్క. మనిషి లెక్క వేరే ఉంటుంది. జగిత్యాల దగ్గరి పల్లెలో గడప దాటిన మనిషి దుబాయ్‌లో తన రూమ్‌కు చేరాలంటే ఎంత సేపు పడుతుంది? ఇంట్లో ఏదైనా జరిగిందని ఫోన్ వస్తే, అక్కడి నుంచి ఎన్ని గంటల్లో ఊరు చేరొచ్చు? టికెట్‌పై కనిపించే టైమ్‌కు, అసలు ప్రయాణానికి తేడా ఎందుకు వస్తుంది? పూర్తి వివరాలు ఇక్కడ చూద్దాం.

ఒక్క చూపులో..

- విమాన దూరం: సుమారు 2,550 కిలోమీటర్లు (దాదాపు 1,580 మైళ్లు)
- హైదరాబాద్ - దుబాయ్ నాన్‌స్టాప్ ఫ్లైట్: సుమారు 4 గంటలు
- దుబాయ్ - హైదరాబాద్ నాన్‌స్టాప్ ఫ్లైట్: సుమారు మూడున్నర గంటలు
- టైమ్ తేడా: దుబాయ్ మనకంటే గంటన్నర వెనక
- ఎయిర్‌పోర్ట్ కోడ్‌లు: హైదరాబాద్‌కు హెచ్‌వైడీ, దుబాయ్‌కు డీఎక్స్‌బీ

దూరం ఎంత?

శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి దుబాయ్ అంతర్జాతీయ విమానాశ్రయానికి నేరుగా గీత గీస్తే సుమారు 2,550 కిలోమీటర్లు వస్తుంది. భూమి గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఈ గీత కూడా మ్యాప్‌లో కొంచెం వంపు తిరిగి కనిపిస్తుంది. విమానాలు గాలి వాటాన్ని, ఏటీసీ ఇచ్చే రూట్‌ను బట్టి వెళ్తాయి. అందుకే నిజంగా తిరిగే దూరం ఇంతకంటే కొంత ఎక్కువే ఉంటుంది.

ఇది ఎంత దూరమో అర్థం కావాలంటే ఢిల్లీతో పోల్చి చూడొచ్చు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విమాన దూరం సుమారు 1,260 కిలోమీటర్లు. అంటే దుబాయ్ దానికి రెండింతలు. అయినా టైమ్ పరంగా చూస్తే, తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కిన మనిషి ఢిల్లీలో దిగడానికి ఒక రోజుకు పైగా పడుతుంది. అదే టైమ్‌లో దుబాయ్ వెళ్లి, పని చూసుకుని, తిరిగి కూడా రావొచ్చు.

విమానం ఏ దారిలో వెళ్తుంది?

శంషాబాద్‌లో లేచిన విమానం వాయవ్య దిశగా తిరుగుతుంది. కర్ణాటక, మహారాష్ట్ర మీదుగా ముంబై పరిసరాల్లో తీరం దాటుతుంది. అక్కడి నుంచి ప్రయాణంలో ఎక్కువ భాగం అరేబియా సముద్రం పైనే. తర్వాత ఒమన్ వైపు నుంచి యూఏఈ గగనతలంలోకి అడుగుపెడుతుంది.

ఈ దారి వల్ల మనకు ఒక లాభం ఉంది. 2025 ఏప్రిల్ 24న భారత విమానయాన సంస్థలకు పాకిస్థాన్ తన గగనతలాన్ని మూసేసింది. దాంతో ఢిల్లీ, అమృత్‌సర్ లాంటి ఉత్తరాది నగరాల నుంచి పశ్చిమానికి వెళ్లే మన విమానాలకు చుట్టుదారి తప్పలేదు. హైదరాబాద్ - దుబాయ్ దారి ప్రధానంగా సముద్రం మీదుగా కాబట్టి ఆ దెబ్బ ఇక్కడ పెద్దగా పడలేదు.

వెళ్లేటప్పుడు ఎక్కువ.. వచ్చేటప్పుడు తక్కువ.. ఎందుకు?

దూరం ఒక్కటే. విమానమూ అదే. మరి వెళ్లడానికి నాలుగు గంటలు, రావడానికి మూడున్నర గంటలు ఎందుకు?

కారణం గాలి. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తుంటాయి. వీటినే జెట్ స్ట్రీమ్ అంటారు. దుబాయ్ వెళ్లే విమానం ఈ గాలికి ఎదురు వెళ్తుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది. గోదావరిలో పడవ ఎదురీదడానికి, వాలులో రావడానికి ఉన్న తేడా లాంటిదే ఇది.

చలికాలంలో ఈ గాలుల జోరు ఎక్కువ. వానాకాలంలో అవి ఉత్తరానికి జరిగిపోతాయి. పైగా ఆ నెలల్లో దక్షిణ భారతదేశం మీద పై ఎత్తుల్లో తూర్పు గాలులు వీస్తాయి. అందుకే అప్పుడు రెండు వైపుల ప్రయాణాల మధ్య తేడా కొంత తగ్గుతుంది. విమాన సంస్థలు మార్చి చివర్లో ఒకసారి, అక్టోబర్ చివర్లో ఒకసారి షెడ్యూల్ మార్చేటప్పుడు టైమింగ్స్‌లో కొద్ది నిమిషాల మార్పు కనిపించడానికి ఇదీ ఒక కారణం.

ఇంకో మాట. టికెట్‌పై రాసే నాలుగు గంటలూ గాల్లోనే ఉండరు. గేట్ దగ్గర విమానం కదిలినప్పటి నుంచి, అవతల గేట్ దగ్గర ఆగేదాకా ఉన్న టైమ్ మొత్తం అందులో ఉంటుంది. రన్‌వే దాకా వెళ్లడం, క్యూలో ఆగడం కూడా అందులోనివే. విమానం సాధారణంగా గంటకు 850 నుంచి 900 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది కాబట్టి గాల్లో ఉండేది అంతకంటే తక్కువ సేపే.

టికెట్‌పై రెండున్నర గంటలే కనిపిస్తోందా?

ఇక్కడే కొత్తవాళ్లు తికమక పడతారు. ఉదాహరణకు ఫ్లైట్ హైదరాబాద్‌లో ఉదయం 10 గంటలకు బయల్దేరిందనుకుందాం. టికెట్‌పై దుబాయ్ చేరే టైమ్ మధ్యాహ్నం 12.30 అని ఉంటుంది. చూడగానే రెండున్నర గంటల ప్రయాణం అనిపిస్తుంది. కానీ ఆ 12.30 దుబాయ్ టైమ్. అప్పటికి మన గడియారంలో మధ్యాహ్నం 2 గంటలు. అంటే ప్రయాణం నాలుగు గంటలే.

తిరుగు ప్రయాణంలో దీనికి రివర్స్. దుబాయ్‌లో రాత్రి 10 గంటలకు బయల్దేరితే హైదరాబాద్‌లో తెల్లవారుజామున 3 గంటలకు దిగుతారు. ఐదు గంటలు పట్టినట్టు కనిపిస్తుంది. నిజానికి పట్టింది మూడున్నర గంటలే. మిగతా గంటన్నర టైమ్ తేడా.

గుర్తు పెట్టుకోవడానికి సులువైన లెక్క ఇది:

- మన టైమ్‌లోంచి గంటన్నర తీసేస్తే దుబాయ్ టైమ్
- దుబాయ్ టైమ్‌కు గంటన్నర కలిపితే మన టైమ్

అమెరికా, యూరప్‌లో మాదిరి ఎండాకాలంలో గడియారం ముందుకు జరిపే పద్ధతి ఇండియాలో లేదు, యూఏఈలో కూడా లేదు. కాబట్టి ఏడాది పొడవునా ఈ గంటన్నర తేడా మారదు.

అర్ధరాత్రి ఫ్లైట్.. తేదీతో జాగ్రత్త!

గల్ఫ్ ఫ్లైట్లు చాలా వరకు రాత్రిపూట, తెల్లవారుజామున ఉంటాయి. ఇక్కడే డబ్బులు పోగొట్టుకునే పొరపాటు జరుగుతుంది. టికెట్‌పై 15వ తేదీ, 02.30 గంటలు అని ఉంటే, అది 14వ తేదీ రాత్రి నిద్రపోయే వేళ దాటాక వచ్చే రెండున్నర. అంటే 14వ తేదీ రాత్రి పదకొండున్నరకల్లా ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. 15వ తేదీ సాయంత్రం సూట్‌కేస్ సర్దుకుంటే, ఫ్లైట్ అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది.

టికెట్ చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని.. ఇంటి నుంచి బయల్దేరాల్సిన రోజు, టైమ్ వేరే కాగితంపై రాసి పెట్టుకోవడం. ఇంట్లో పెద్దవాళ్లకు, కారు మాట్లాడిన డ్రైవర్‌కు ఆ రోజే చెప్పాలి. ఫ్లైట్ తేదీ చెబితే మళ్లీ అదే తికమక.

ఊరి నుంచి లెక్కేస్తే ఎన్ని గంటలు?

'బొంబాయి, దుబాయ్, బొగ్గుబాయి' అని తెలంగాణ బతుకు గురించి ఒక మాట ఉంది. దుబాయ్ వెళ్లేవాళ్లలో చాలామంది హైదరాబాద్ సిటీవాళ్లు కాదు. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్, నిర్మల్ వైపు నుంచి వచ్చేవాళ్లు. వాళ్లకు హైదరాబాద్ చేరడమే ఒక ప్రయాణం. ఆపైన శంషాబాద్ సిటీకి దక్షిణాన ఉంది. ఉత్తరం నుంచి వచ్చేవాళ్లు సిటీని దాటి అవతలికి వెళ్లాలి. ఔటర్ రింగ్ రోడ్ ఎక్కితే ట్రాఫిక్ తప్పుతుంది. బస్సులో సిటీకి వచ్చి దిగేవాళ్లకు ఆర్టీసీ పుష్పక్ బస్సులు ఉన్నాయి.

ఉదయం 10 గంటల ఫ్లైట్‌నే ఉదాహరణగా తీసుకుందాం. జగిత్యాల దగ్గరి ఊరి నుంచి లెక్క ఇలా ఉంటుంది (అన్నీ మన టైమ్‌లోనే):

- తెల్లవారుజామున 2.00: ఇంటి నుంచి కారులో బయల్దేరాలి
- ఉదయం 7.00: శంషాబాద్ ఎయిర్‌పోర్ట్. అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు చేరాలి
- ఉదయం 10.00: టేకాఫ్
- మధ్యాహ్నం 2.00: దుబాయ్‌లో ల్యాండింగ్ (అక్కడ 12.30)
- మధ్యాహ్నం 3.15 - 3.30: ఇమిగ్రేషన్, లగేజ్ అయ్యాక బయటికి
- సాయంత్రం 4.00 - 4.30: సోనాపూర్, అల్ ఖూజ్, జెబెల్ అలీ లాంటి కార్మికుల వసతి ప్రాంతాలకు

అంటే నాలుగు గంటల ఫ్లైట్‌కు మొత్తం ప్రయాణం దాదాపు 14 గంటలు. అందులో విమానం వాటా మూడో వంతు కూడా లేదు. మూడు గంటల ముందు చేరడం మరీ ఎక్కువ అనుకోవద్దు. చెక్‌ఇన్ కౌంటర్ సాధారణంగా ఫ్లైట్‌కు గంట ముందే మూసేస్తారు. ఆ తర్వాత ఇమిగ్రేషన్ క్యూ, సెక్యూరిటీ క్యూ ఉంటాయి. ఒక్క నిమిషం లేటైనా కౌంటర్ తెరవరు.

ఇంటి నుంచి కబురు వస్తే.. ఎన్ని గంటల్లో చేరొచ్చు?

దుబాయ్‌లో కొడుకు ఉన్న ఇంట్లో ఎవరైనా చనిపోతే మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే. వాడు వచ్చేదాకా ఆపాలా, కానిచ్చేయాలా? ఆ టైమ్‌లో 'ఫ్లైట్ మూడున్నర గంటలే కదా, సాయంత్రానికి వచ్చేస్తాడు' అని ఎవరో ఒకరు అంటారు. బంధువులంతా ఆ మాట మీదే కూర్చుంటారు. లెక్క ముందే తెలిస్తే ఆ గందరగోళం ఉండదు.

మధ్యాహ్నం 12 గంటలకు ఇంటి నుంచి ఫోన్ వెళ్లిందనుకుందాం. దుబాయ్‌లో అప్పుడు ఉదయం పదిన్నర. కంపెనీకి చెప్పి సెలవు తీసుకోవాలి. పాస్‌పోర్ట్ చేతిలో ఉండాలి. టికెట్ దొరకాలి. అన్నీ కలిసొచ్చి ఆ రాత్రి 10 గంటల ఫ్లైట్‌లో సీటు దొరికితే, మన టైమ్ ప్రకారం తెల్లవారుజామున 3 గంటలకు శంషాబాద్‌లో దిగుతారు. బయటికి వచ్చేసరికి నాలుగు. జగిత్యాల వైపు ఊరు చేరేసరికి ఉదయం 9 గంటలు. అంటే కబురు అందిన 21 గంటలకు. సాయంత్రం ఫ్లైట్ దొరికితే ఇంకా కొన్ని గంటలు ముందు రావొచ్చు. సీటు దొరక్కపోతే మరుసటి రోజే.

అందుకే ఇంట్లోవాళ్లు అడగాల్సింది 'ఎప్పుడు బయల్దేరుతున్నావ్' అని కాదు. 'టికెట్ కన్ఫర్మ్ అయిందా, శంషాబాద్‌లో ఎన్ని గంటలకు దిగుతావ్' అని. ఆ టైమ్‌కు ఊరి దూరం, ఇంకో గంట కలిపితే మనిషి గడపలోకి వచ్చే టైమ్ తెలిసిపోతుంది. ఆ టైమ్ తెలిశాక ఫ్రీజర్ బాక్స్ తెప్పించాలా, ఆగలేమా అన్నది ఇంట్లోవాళ్లు నిర్ణయించుకోవచ్చు. దిగే టైమ్‌కు శంషాబాద్‌లో కారు రెడీగా ఉంటే ఇంకో గంట ఆదా.

అక్కడున్నవాళ్లు ముందే చూసుకోవాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి:

- పాస్‌పోర్ట్ తమ దగ్గరే ఉండాలి. ఉద్యోగి పాస్‌పోర్ట్‌ను యజమాని దగ్గర పెట్టుకోవడం యూఏఈ చట్టం ప్రకారం కుదరదు
- వీసా గడువు దాటి ఉంటే రోజుకు 50 దిర్హమ్‌ల చొప్పున జరిమానా పడుతుంది. అది కట్టకుండా బయల్దేరలేరు. అత్యవసర వేళ ఇదే పెద్ద అడ్డంకి అవుతుంది
- ఇంటికి వచ్చాక ఆరు నెలలకు మించి యూఏఈ బయట ఉండిపోతే రెసిడెన్సీ వీసా సాధారణంగా రద్దవుతుంది. తిరిగి వెళ్లే తేదీ గుర్తుంచుకోవాలి

అక్కడే ఎవరైనా చనిపోతే మాత్రం ఈ గంటల లెక్క పనిచేయదు. డెత్ సర్టిఫికెట్, పోలీసుల అనుమతి, భారత కాన్సులేట్‌లో పాస్‌పోర్ట్ రద్దు, ఎంబామింగ్, కార్గో బుకింగ్.. ఇవన్నీ పూర్తి కావాలి. దానికి రోజులు పడతాయి. ప్రమాదం, విచారణ లాంటివి ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. ఖర్చు భరించలేని కుటుంబాలకు ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ నుంచి సాయం చేసే వీలు కాన్సులేట్‌కు ఉంది. ఏజెంట్ చేతిలో డబ్బులు పెట్టే ముందు దుబాయ్‌లోని భారత కాన్సులేట్‌ను సంప్రదించాలి.

టికెట్ తక్కువకు వస్తోందా? ఎక్కడ దిగుతారో చూడండి

దుబాయ్ చుట్టుపక్కల ఎయిర్‌పోర్టులు ఒకటి కాదు. పేరు చూడకుండా బుక్ చేస్తే ఫ్లైట్‌లో మిగిలిన డబ్బు ట్యాక్సీకి పోతుంది.

- దుబాయ్ (డీఎక్స్‌బీ): సిటీలోనే ఉంది. ఎమిరేట్స్ విమానాలు టెర్మినల్ 3లో ఆగుతాయి. మిగతా సంస్థల్లో చాలావాటికి వేరే టెర్మినళ్లు. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకు టెర్మినల్ నంబర్ తప్పకుండా చెప్పాలి
- షార్జా: దుబాయ్‌కి పక్కనే. కానీ ఆఫీస్ వేళల్లో షార్జా - దుబాయ్ రోడ్డుపై ట్రాఫిక్ చాలా ఎక్కువ
- అబుదాబి: దుబాయ్ నుంచి రోడ్డు మార్గంలో సుమారు 130 - 140 కిలోమీటర్లు. గంటన్నర అదనం
- అల్ మక్తూమ్: దుబాయ్‌లోనే ఉన్న రెండో ఎయిర్‌పోర్ట్. జెబెల్ అలీ వైపు ఉంటుంది

కనెక్టింగ్ ఫ్లైట్ల సంగతి కూడా ఇంతే. మస్కట్ దారిలోనే ఉంటుంది కాబట్టి అదనపు దూరం పెద్దగా ఉండదు. దోహా, బహ్రెయిన్ అలా కాదు. అవి దుబాయ్‌కి ఇంకా పడమరన ఉన్నాయి. అంటే దుబాయ్ దాటి వెళ్లి, మళ్లీ వెనక్కి రావాలి. మధ్యలో ఆగే టైమ్ కలిపితే నాలుగు గంటల ప్రయాణం ఎనిమిది, పది గంటలకు, ఒక్కోసారి అంతకు మించి వెళ్తుంది. తీరిగ్గా వెళ్లేవాళ్లకు సరే. అత్యవసరమైతే నాన్‌స్టాప్ చూసుకోవడమే మేలు.

ఎయిర్‌పోర్ట్‌లోనే ఆగిపోకుండా..

టైమ్‌కు చేరినా కాగితాలు సరిగా లేకపోతే ఆ ప్రయాణం శంషాబాద్‌లోనే ముగుస్తుంది. పాస్‌పోర్ట్‌కు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. భారతీయులు సాధారణంగా ముందే వీసా తీసుకుని వెళ్లాలి. అమెరికా, బ్రిటన్ లాంటి దేశాల వీసా ఉన్న కొందరికి మాత్రమే అక్కడ దిగాక వీసా ఇస్తారు.

పనికి వెళ్లేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. పాస్‌పోర్ట్ ఈసీఆర్ కేటగిరీలో ఉంటే, ఉద్యోగ వీసాతో యూఏఈ వెళ్లడానికి ఈ-మైగ్రేట్ ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టులు ఎక్కువగా ఈ కేటగిరీలోనే ఉంటాయి. వీళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం రూ.275, మూడేళ్లకు రూ.375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా రూ.10 లక్షల కవరేజీ ఉంటుంది.

ఇవేమీ అక్కర్లేదు, విజిట్ వీసాపై పంపిస్తా, అక్కడికి వెళ్లాక మార్చుకోవచ్చు అని ఏజెంట్ అంటే అక్కడే ఆగి ఆలోచించాలి. విజిట్ వీసాపై పని చేయడం యూఏఈలో నేరం. అలా వెళ్లినవాళ్లకు పైన చెప్పిన బీమా రక్షణ కూడా ఉండదు.

బ్యాగ్‌లో ఇవి పెట్టొద్దు

పక్కింటివాళ్లు 'మా అబ్బాయికి ఇవ్వండి' అంటూ ఇచ్చే మసాలా పొట్లం విప్పి చూడాల్సిందే. గసగసాలు మన వంటింట్లో మామూలు దినుసు. యూఏఈలో నిషిద్ధం. తెలియక తెచ్చామన్నా కేసు తప్పకపోవచ్చు. కొన్ని రకాల నొప్పి మాత్రలు, దగ్గు మందులపై కూడా అక్కడ ఆంక్షలు ఉన్నాయి. రోజూ వాడే మందులైతే డాక్టర్ చీటీ వెంట ఉండాలి.

ఫోన్ చార్జింగ్ విషయంలోనూ ఒక రూల్ వచ్చింది. 2025 అక్టోబర్ 1 నుంచి ఎమిరేట్స్ విమానాల్లో పవర్ బ్యాంక్ వాడకూడదు. ఒకటి వెంట తీసుకెళ్లొచ్చు. చెక్‌ఇన్ బ్యాగ్‌లో మాత్రం పెట్టకూడదు.

షెడ్యూల్ ఎప్పుడు తారుమారు అవుతుంది?

చలికాలంలో ఉదయం పూట పొగమంచు వల్ల అటు దుబాయ్‌లో, ఇటు శంషాబాద్‌లో ఆలస్యం కావొచ్చు. 2024 ఏప్రిల్ 16న కురిసిన రికార్డు వానకు దుబాయ్ ఎయిర్‌పోర్టే నీటమునిగి వందల విమానాలు రద్దయ్యాయి. 2025 జూన్‌లో ఇరాన్ - ఇజ్రాయెల్ ఉద్రిక్తతల వేళ ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటల పాటు మూసేయడంతో గల్ఫ్ విమానాలపై ప్రభావం పడింది. కాబట్టి ఊరి నుంచి బయల్దేరే ముందు ఒకసారి, దారి మధ్యలో ఒకసారి ఎయిర్‌లైన్ యాప్‌లో ఫ్లైట్ స్టేటస్ చూసుకోవాలి. టికెట్ ఏజెంట్ ద్వారా తీసుకుంటే, బుకింగ్‌లో ఏజెంట్ నంబర్ కాకుండా ప్రయాణికుడి నంబరే ఉందో లేదో చూడాలి. టైమ్ మారితే మెసేజ్ వచ్చేది ఆ నంబర్‌కే.

తరచూ అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి రోడ్డు మార్గంలో వెళ్లొచ్చా?
మామూలు ప్రయాణికులకు కుదరదు. మధ్యలో అరేబియా సముద్రం ఉంది. విమానమే దారి.

దుబాయ్‌లో సాయంత్రం 6 అయితే మనకు ఎంత?
రాత్రి 7.30.

హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్లు ఏ సంస్థలు నడుపుతున్నాయి?
ఎమిరేట్స్, ఇండిగో, ఫ్లై దుబాయ్ లాంటి సంస్థలు ఈ రూట్‌లో ఉన్నాయి. టైమింగ్స్ సీజన్‌ను బట్టి మారతాయి.

ముంబై వెళ్లి అక్కడి నుంచి వెళ్తే టైమ్ కలిసొస్తుందా?
ముంబై నుంచి దుబాయ్ సుమారు 1,930 కిలోమీటర్లే. ఫ్లైట్ టైమ్ తగ్గుతుంది. కానీ ముంబై చేరే టైమ్, అక్కడ ఆగే టైమ్ కలిపితే మొత్తం ప్రయాణం పెరుగుతుంది. టికెట్ ధరలో బాగా తేడా ఉంటేనే ఆలోచించాలి.

ఎయిర్‌పోర్ట్‌లో దింపడానికి వెళ్లేవాళ్లు ఎంత సేపు ఉండాలి?
ప్రయాణికుడు ఇమిగ్రేషన్ దాటానని ఫోన్ చేసేదాకా బయట ఉండటం మంచిది. కాగితాల సమస్య వచ్చి వెనక్కి పంపితే, ఆ టైమ్‌లో తోడు ఉండాల్సింది ఇంటివాళ్లే.